ఓడెక్కాక డబ్బు కట్టి తినే భోజనం: ప్యాకేజీ కొనాలా, ఒక్క పూటతో సరిపెట్టాలా?

పోయిన వారం మా మరిది ఆఫీసు నుంచే ఫోన్ చేశాడు. "వదినా, సింగపూర్ నుంచి నాలుగు రాత్రుల క్రూజ్ బుక్ చేశానని చెప్పాను కదా. యాప్‌లో స్పెషాలిటీ డైనింగ్ ప్యాకేజీ అని ఒకటి చూపిస్తోంది. మూడు డిన్నర్లు, మనిషికి 135 డాలర్లు. ఇవాళ అర్ధరాత్రితో ఆఫర్ అయిపోతుందట. కొనెయ్యనా?"

నేను ధర సంగతి ఎత్తలేదు. "ఓడలో ఉండే రోజుల్లో శనివారం పడుతోందా?" అని అడిగాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత పెద్దగా నవ్వాడు. ఈసారి అత్తయ్యనీ మామయ్యనీ తీసుకెళ్తున్నది తనే. మామయ్య శనివారం నీసు ముట్టరు. అత్తయ్య ఏ వారమూ ముట్టరు.

చెన్నైలో మా వెస్ట్ మాంబళం అపార్ట్‌మెంట్లోనే ఈ మధ్య నాలుగైదు కుటుంబాలు క్రూజ్‌కి వెళ్ళొచ్చాయి. రాత్రి ఫ్లైట్ ఎక్కితే నాలుగు గంటల్లో సింగపూర్లో ఉంటాం, వీసా ఏజెంట్లు టి.నగర్ నిండా ఉన్నారు, కాబట్టి ఇదేమీ ఊహకందని ప్రయాణం కాదిప్పుడు. టికెట్ కొన్నాక మాత్రం అందరూ ఇక్కడే ఆగుతారు. టికెట్లో భోజనం ఉందన్నారు, మళ్ళీ ఈ భోజనం ప్యాకేజీ ఏమిటి, కొనకపోతే ఏమైనా తక్కువవుతుందా అని. ఒకసారి కొని చేయి కాల్చుకున్నదాన్ని కనుక, మరిదికి చెప్పినదంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు, టికెట్లో ఏం వస్తుందో చూడండి

క్రూజ్ టికెట్లో మూడు పూటలా భోజనం కలిసే ఉంటుంది. మెయిన్ డైనింగ్ రూమ్ అని పెద్ద హాలు ఉంటుంది, అక్కడ మెనూ చూసి ఆర్డర్ ఇస్తే తెచ్చి వడ్డిస్తారు. పైఅంతస్తులో బఫే ఉంటుంది. ఇవి కాక పిజ్జా, కాఫీ, ఐస్‌క్రీమ్ లాంటి చిన్న కౌంటర్లు. వీటితో కడుపు నిండకపోవడం అనేది జరగదు. పగలు బఫే దగ్గర జనాన్ని చూస్తే పెళ్ళిలో రెండో పంక్తి గుర్తొస్తుంది.

స్పెషాలిటీ రెస్టారెంట్లు వీటికి వేరు. స్టేక్‌హౌస్ (పెద్ద మాంసం ముక్కలు, ముఖ్యంగా బీఫ్, కాల్చి పెట్టే చోటు), ఇటాలియన్, జపనీస్ సుషీ, టెప్పన్‌యాకి (మన ఎదుటే ఇనప పెనం మీద వండి పెట్టేది), హాట్‌పాట్ (టేబుల్ మీదే మరిగే చారులో ఉడికించుకునేది) లాంటివి. చిన్న హాలు, మంచి కుర్చీలు, తక్కువ జనం, ఖరీదైన సరుకు. వాటికి విడిగా కట్టాలి. ఇదేదో ఈ కాలపు కంపెనీలు కనిపెట్టిన ఉపాయమేమీ కాదు. 1912లో మునిగిన టైటానిక్‌లో కూడా ఫస్ట్ క్లాస్ వాళ్ళకి మామూలు డైనింగ్ సెలూన్ ఉండగానే, విడిగా డబ్బు కట్టి తినే రెస్టారెంట్ ఒకటి ఉండేది. టికెట్లో తిండి ఉన్నా ఇంకొంచెం మంచిది కావాలనుకునేవాళ్ళు అప్పుడూ ఉన్నారు.

కట్టే పద్ధతులు ప్రధానంగా నాలుగు. ఒకటి, ఆ పూటకి తలసరి రుసుము కట్టి తినడం. రెండు, మన హోటళ్ళలో లాగా ఏ పదార్థం ధర ఆ పదార్థానికే కట్టడం. సుషీ, హాట్‌పాట్ లాంటి చోట్ల ఇదెక్కువ. మూడు, రెండో మూడో డిన్నర్లు కలిపిన ప్యాకేజీ, లేదా ప్రయాణమంతా ఎన్నిసార్లయినా తినే అన్‌లిమిటెడ్ ప్యాకేజీ. నాలుగు, టికెట్ కొనేటప్పుడే వైఫై, డ్రింక్స్‌తో కలిపి ఇచ్చే పెద్ద మూట. నార్వేజియన్, ప్రిన్సెస్, హాలండ్ అమెరికా కంపెనీలది ఈ దారి. నాలుగో దానిలో డైనింగ్ ఒక్కదానికే ఎంత పడిందో మనకి తెలియదు. వైఫై, డ్రింక్స్ ఎలాగూ కొనేవాళ్ళయితేనే ఆ మూట జోలికి పోవాలి. మా ఇంట్లో మందు తాగేవాళ్ళు లేరు, అందుకని దాని గురించి ఇంతకంటే చెప్పను.

లెక్క వేద్దాం రండి

ధరలు ఓడని బట్టి, తేదీని బట్టి, ఒక్కోసారి పొద్దుటికీ సాయంత్రానికీ మారతాయి. కాబట్టి మా మరిదికి కనిపించిన 135 డాలర్లనే తీసుకుని, మిగతావి అనుకుని చేద్దాం. మీకు కనిపించే అంకెలు వేసి ఇదే పద్ధతిలో చేసుకోండి.

మొట్టమొదట, ఆ 135 మీరు కట్టే మొత్తం కాదు. దాని మీద సర్వీస్ చార్జి పడుతుంది. రాయల్ కరీబియన్ కంపెనీలో 18 శాతం, నార్వేజియన్‌లో 20 శాతం. 18 వేసుకుంటే 159 డాలర్ల 30 సెంట్లు. మూడు డిన్నర్లకి పంచితే పూటకి 53 డాలర్ల 10 సెంట్లు.

అదే స్టేక్‌హౌస్‌లో విడిగా ఒక డిన్నర్ 65 డాలర్లనుకుంటే, సర్వీస్‌తో కలిపి 76 డాలర్ల 70 సెంట్లు. మూడుసార్లు తింటే 230. అంటే ప్యాకేజీలో 70 డాలర్లు మిగిలినట్టు కనిపిస్తుంది. యాప్‌లో పెద్ద అక్షరాలతో చూపించేదీ ఇదే.

ఇప్పుడు మూడింటిలో ఒక్కటి తప్పిందనుకోండి. 159.30ని రెండుకి పంచాలి. పూటకి 79 డాలర్ల 65 సెంట్లు. విడిగా కొన్నదానికంటే దాదాపు 3 డాలర్లు ఎక్కువే కట్టారు. ఒక్క డిన్నర్ తప్పితే లాభమంతా పోయి నష్టంలో పడతారు. అంత సన్నటి గీత మీద ఉంది ఈ బేరం.

ఇంకొకటి. మూడుపూటలూ స్టేక్‌హౌస్‌లోనే ఎవరూ తినరు కదా, ఒకరోజు ఇటాలియన్‌కి వెళ్తారు. అక్కడ విడి ధర 45 డాలర్లే ఉంటే, సర్వీస్‌తో కలిపి సరిగ్గా 53 డాలర్ల 10 సెంట్లు. ప్యాకేజీలో మీకు పడిందీ అంతే. అంటే ఇటాలియన్ పూట ప్యాకేజీ వల్ల పైసా మిగలలేదు. మిగిలేదంతా ఖరీదైన రెస్టారెంట్లోనే. నాలుగు రోజుల్లో దానికి ఎన్నిసార్లు వెళ్తారో నిజాయితీగా చెప్పుకోండి.

రూపాయల్లోకి మారిస్తే కళ్ళు తెరుచుకుంటాయి. అమెరికన్ డాలరుకి 90 వేసుకుంటే మనిషికి 14,337 రూపాయలు. విదేశీ కరెన్సీలో గీకితే మన క్రెడిట్ కార్డుల్లో చాలావాటికి 2 నుంచి 3.5 శాతం రుసుము, దాని మీద జీఎస్టీ. ఇద్దరికి కలిపి దాదాపు 30 వేలు. ఇది టికెట్లో ఇప్పటికే డబ్బు కట్టేసిన భోజనాన్ని వదులుకుని తినే భోజనానికి. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా మా ఆయన ముఖం మారిపోతుంది.

నాలుగు రాత్రులు అంటే నాలుగు డిన్నర్లు కాదు

కాగితం మీద నాలుగు రాత్రులుంటాయి. నిజంగా తీరిగ్గా కూర్చుని తినే రాత్రులు ఎన్నో చూద్దాం.

మొదటి రాత్రి: చెన్నైలో అర్ధరాత్రి ఫ్లైట్ ఎక్కి, నిద్ర లేకుండా సింగపూర్లో దిగి, సామాను పట్టుకుని టెర్మినల్‌లో క్యూ నిలబడి, ఓడెక్కాక భద్రత గురించిన తప్పనిసరి డ్రిల్ చేసి, గది వెతుక్కునేసరికి మనిషి మనిషిలా ఉండడు. నడిమి రెండు రోజులూ రేవులు. మలేసియాలోని పెనాంగ్‌లో దిగితే అక్కడి తమిళ హోటల్లో మధ్యాహ్నం మూడింటికి దోసె, కాఫీ లాగించి వస్తాం, సాయంత్రానికి ఆకలుండదు. చివరి రాత్రి: పెట్టెలు సర్దాలి, ట్యాగులు కట్టాలి, రాత్రి పదీ పదకొండులోగా గది బయట పెట్టాలి. ఎవరైనా ఆ హడావిడిలో రెండు గంటలు కూర్చుని ఐదు కోర్సుల భోజనం చేస్తారా? చేస్తారేమో, నేనైతే చూడలేదు.

పిల్లలకి షో చూడాలని ఉంటుంది. షో ఏడున్నరకో తొమ్మిదికో ఉంటుంది. స్పెషాలిటీ డిన్నర్ గంటన్నరకి తక్కువ కాదు. ఈ రెండూ గుద్దుకోకుండా టైమ్ దొరకడమే ఒక యజ్ఞం.

మేం కొన్నప్పుడు జరిగింది

అప్పుడు మేం ఐదుగురం వెళ్ళాం. మేమిద్దరం, తొమ్మిదేళ్ళ మా వాడు, అత్తయ్య, మామయ్య. ఏ ఓడో చెప్పను, ఏ ఓడైనా అదే జరిగి ఉండేది. పెద్దవాళ్ళం నలుగురికీ మూడు డిన్నర్ల ప్యాకేజీ ఇంట్లోంచే కొన్నాను. చవగ్గా వస్తోందని పొంగిపోయి కొన్నది నేనే, ఇందులో ఇంకెవరినీ అనడానికి లేదు.

ప్యాకేజీ కొంటే టేబుల్ కూడా బుక్ అయినట్టే అనుకున్నాను. కాదట. ఓడెక్కాక రెస్టారెంట్ డెస్క్ దగ్గర క్యూ నిలబడి టైమ్ తీసుకోవాలి. నా వంతు వచ్చేసరికి ఏడింటి టేబుళ్ళన్నీ అయిపోయాయి. మిగిలినవి సాయంత్రం 5:15, రాత్రి 9:30. గురువారం 5:15కి స్టేక్‌హౌస్, శుక్రవారం 9:30కి ఇటాలియన్, శనివారం ఆఖరి రాత్రి మళ్ళీ స్టేక్‌హౌస్. బుధవారం రాత్రి ఎలాగూ అందరం తొమ్మిదింటికే పడుకున్నాం.

గురువారం పెనాంగ్ తిరిగొచ్చి, స్నానాలు చేసి, చీరలు మార్చుకుని 5:15కి వెళ్ళి కూర్చున్నాం. మన ఇంట్లో ఆ టైమ్‌కి టీ తాగుతారు. అత్తయ్యకి శాకాహారం అని ముందే చెప్పాను. నల్లటి పెద్ద పళ్ళెం వచ్చింది. దాని నడిమధ్య అరచేయంత కాలీఫ్లవర్ బిళ్ళ, నిప్పుల మీద అంచులు మాడేలా కాల్చింది. పక్కన పచ్చటి సాస్ ఒక గీత గీసినట్టు, మీద నాలుగు దానిమ్మ గింజలు. చూడ్డానికి ముగ్గులా ఉంది. అత్తయ్య కత్తి పెడితే బిళ్ళ జారి పళ్ళెం అంచుకి పోయింది. ఫోర్క్‌తో ఆపి, ఓ ముక్క నోట్లో వేసుకుని, నమిలి, నా వైపు తిరిగి మెల్లగా అడిగారు: "అమ్మాయ్, ఇది కూరేనా? కూరయితే అన్నమేదీ?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా ఆయనా మామయ్యా మెనూలో బీఫ్ కానివి వెతుక్కుని, ఒకరు చేప, ఒకరు మేక పక్కటెముకలు తెప్పించుకున్నారు. బాగున్నాయన్నారు, అది నిజం. మా వాడు పిల్లల మెనూలో పాస్తా తిన్నాడు. ఏడున్నరకి అత్తయ్యని తీసుకుని పైన బఫేకి వెళ్ళాను. తెల్లన్నం, కప్పులో పెరుగు, పక్కన నిమ్మకాయ ఊరగాయ. ఆవిడ మొహంలో అప్పుడు వెలుగొచ్చింది. ఆ పెరుగన్నం టికెట్లోదే.

శుక్రవారం థాయ్‌లాండ్‌లోని ఫుకెట్. అక్కడ మా ఓడ ఒడ్డుకి దూరంగా ఆగింది, చిన్న పడవల్లో దింపి ఎక్కించారు. ఆ క్యూలు, ఆ ఎండ. రాత్రి 9:30కి ఇటాలియన్లో మా వాడు రొట్టె చేతిలో పట్టుకునే నిద్రపోయాడు. శనివారం మామయ్యకి నీసు లేదు, పెట్టెలు సర్దాలి, ఎవరికీ ఓపిక లేదు. మూడో డిన్నర్ నలుగురిదీ పోయింది. వాడని పూటలకి డబ్బు తిరిగివ్వడం రూల్లో లేదని కౌంటర్లో మర్యాదగానే చెప్పారు. రూల్ చదవకుండా కొన్నది నేను.

అందుకే మరిదిని శనివారం సంగతి అడిగింది. మన ఇళ్ళలో ఇది చిన్న విషయం కాదు. కొందరికి శనివారం, కొందరికి గురువారం, కొందరికి సోమవారం. దీపావళి సెలవులు కలిసొస్తాయని ఆ వెంటనే టికెట్ తీసుకుంటారు, అమావాస్య దాటిన మర్నాటి నుంచి కార్తీక మాసం. ఇంటిల్లిపాదీ నెలంతా నీసు మానేసి, అదే నెలలో స్టేక్‌హౌస్ ప్యాకేజీ కొన్నవాళ్ళు మా అపార్ట్‌మెంట్లోనే ఉన్నారు. క్యాలెండర్ ముందు పెట్టుకోండి, ప్యాకేజీ సంగతి తర్వాత.

శాకాహారులకి ఇంకో మాట

ధర విషయం ముందు. తలసరి రుసుము ఉన్నచోట లాబ్‌స్టర్ తిన్నా, కాలీఫ్లవర్ తిన్నా ఒకటే ధర. స్టేక్‌హౌస్‌లో మీరు కట్టే డబ్బులో ఎక్కువ భాగం మాంసం నాణ్యతకి పోతుంది. బీఫ్ తినని ఇంట్లో అందులో సగం విలువ అక్కడే తగ్గిపోయింది, మాంసమే తినని మనిషికి దాదాపు ఏమీ మిగలదు. ఇలాంటి మనిషికి ప్యాకేజీ కొనకండి. ఒకే కుటుంబంలో తినేవాళ్ళకి మాత్రమే కొనుక్కోవచ్చు. డ్రింక్స్ ప్యాకేజీకి గదిలో పెద్దవాళ్ళందరూ కొనాలనే నిబంధన చాలా కంపెనీల్లో ఉంటుంది, దాన్ని చూసి డైనింగ్‌కీ అంతేనేమో అనుకుని అందరికీ కొనేస్తుంటారు. కొనే ముందు ఆ షరతు ఉందో లేదో చదువుకోండి.

తర్వాత, 'వెజ్' అన్న మాటకి ఓడ వంటగదిలో అర్థం వేరు. ఇటాలియన్లో పాస్తా మీద తురిమే అసలైన పార్మిజాన్ చీజ్‌ని దూడ కడుపులోంచి తీసే రెనెట్‌తో తోడు పెడతారు. పన్నాకోటా లాంటి డెజర్టుల్లో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. జపనీస్‌లో మిసో సూప్ అంటే కూరగాయల చారులా కనిపిస్తుంది, అందులో పోసే డాషి అనే రసం మామూలుగా చేపతో చేసిందే. థాయ్ వంటకాల్లో ఫిష్ సాస్. టెప్పన్‌యాకిలో అందరి ఎదుటా ఒకే ఇనప పెనం మీద వండుతారు. పక్కాయన రొయ్యలు, మీ క్యాప్సికమ్ ఒకే నూనెలో. గుడ్డు తినేవాళ్ళని కూడా వాళ్ళు వెజిటేరియన్ లెక్కలోనే వేస్తారు. అందుకని 'వెజిటేరియన్' అని ఊరుకోకుండా, 'గుడ్డు, చేప సాస్, జెలటిన్ కూడా వద్దు' అని విడమరిచి, ముందు రోజే చెప్పాలి.

ఇంతకీ ఎవరూ చెప్పని మంచి దారి మెయిన్ డైనింగ్ రూమ్‌లో ఉంది. సాంప్రదాయ పద్ధతిలో రోజూ ఒకే టేబుల్, ఒకే వెయిటర్ వస్తారు. మొదటి రాత్రి హెడ్ వెయిటర్‌ని పిలిచి, రేపటి నుంచి ఇండియన్ వెజిటేరియన్ కావాలని చెబితే, మెనూలో లేనివి కూడా వండి పెడతారు. ఒకరోజు ముందు చెప్పాలి, అంతే. మా వెయిటర్ గోవా మనిషి. గురువారం మేం స్టేక్‌హౌస్‌కి పోయి రాలేదని శుక్రవారం పొద్దున బఫేలో కనిపించినప్పుడు నొచ్చుకున్నాడు. అత్తయ్య కోసం పప్పు, ఆలూ జీరా, రోటీ చెప్పి పెట్టాడట. డబ్బు కట్టిన చోటికి పోయి, కట్టనక్కర్లేని పప్పన్నం పోగొట్టుకున్నాం.

మరి ఎవరు కొనాలి

కొనేవాళ్ళు తెలివితక్కువ వాళ్ళని నేననడం లేదు. మా ఆయన స్నేహితుడు, ఆయన భార్య యూరప్‌లో ఏడు రాత్రుల ఓడెక్కారు. ఇద్దరూ అన్నీ తింటారు, పిల్లలు లేరు, షోలంటే ఆసక్తి లేదు, రాత్రి భోజనమే వాళ్ళకి సినిమా. అన్‌లిమిటెడ్ కొని ఐదు డిన్నర్లు, ఓడ రేవులో ఆగని రోజున రెండు లంచ్‌లు తిన్నారు. వాళ్ళకి గిట్టింది. అదే లెక్క: రాత్రులు ఎక్కువ, రేవు లేని రోజులు ఎక్కువ, తినేవాళ్ళిద్దరూ అన్నీ తినేవాళ్ళు.

అన్‌లిమిటెడ్‌లో కూడా గీత ఎక్కడుందో చూసుకోవాలి. నాలుగు రాత్రులకి 190 అనుకుందాం. సర్వీస్‌తో 224. స్టేక్‌హౌస్ పూట 76.70 కాబట్టి మూడుసార్లు తింటే డబ్బు వచ్చినట్టు. 45 డాలర్ల ఇటాలియన్లో నాలుగుసార్లు తిన్నా 212కే చేరుతుంది, అంటే ఇంకా 12 డాలర్లు చేతి నుంచి పోయాయి. పైగా 'అన్‌లిమిటెడ్' అనగానే మన ఆంధ్రా మెస్సులో అన్‌లిమిటెడ్ మీల్స్ అనుకోకండి. సుషీ లాంటి చోట్ల ఒక మొత్తం దాకానే ఇస్తారు, మించితే కట్టాలి. కొన్ని కంపెనీల్లో పూటకి ఒకే మెయిన్ కోర్సు, రెండోది అడిగితే అదనం. లాబ్‌స్టర్‌కి, ప్రత్యేకమైన స్టేక్‌లకి అదనం. సాధారణంగా డ్రింక్స్ కలవవు. షెఫ్స్ టేబుల్ లాంటి ప్రత్యేక విందులు ప్యాకేజీలో ఉండకపోవచ్చు.

పిల్లల సంగతి వేరు. రాయల్ కరీబియన్‌లో చాలా స్పెషాలిటీ రెస్టారెంట్లలో ఐదేళ్ళలోపు వాళ్ళకి రుసుము ఉండదు, ఆరు నుంచి పన్నెండేళ్ళ వాళ్ళకి తక్కువ రుసుము. కాబట్టి పిల్లలకి ప్యాకేజీ కొనడం దండగ. డిస్నీ ఓడల్లో పాలో అనే రెస్టారెంట్ చాలాచోట్ల పెద్దవాళ్ళకే, వయసు నిబంధన చూసుకుని, పిల్లల్ని ఎవరి దగ్గర వదలాలో ముందే అనుకోవాలి. వర్జిన్ వోయేజెస్‌లో అన్ని రెస్టారెంట్లూ టికెట్లోనే కలుస్తాయి కాబట్టి అక్కడ ఈ గొడవే లేదు, అయితే పిల్లల్ని ఓడెక్కించరు.

మన చెన్నై రేవు నుంచే ఎక్కాలనుకుంటే కార్డీలియా ఎంప్రెస్ ఉంది. 1990లో నార్డిక్ ఎంప్రెస్‌ పేరుతో ప్రయాణాలు మొదలుపెట్టిన పాత ఓడ, 2022 జూన్‌లో చెన్నై నుంచి మొదలైంది, సీజన్ బట్టే నడుస్తుంది. అందులో మన వంటలే ప్రధానం, జైన్ భోజనం కూడా దొరుకుతుంది. షెఫ్స్ టేబుల్ అని విడిగా కట్టే చోటు ఉంది గానీ, రెండు మూడు రాత్రుల ప్రయాణానికి నేనైతే దాని వైపు చూడను. ఇడ్లీ, పొంగల్ ఉన్న ఓడలో ఎక్స్‌ట్రా ఎందుకు? సింగపూర్ నుంచి వెళ్ళే జెంటింగ్ డ్రీమ్‌లో కూడా మనవాళ్ళ రద్దీ ఎక్కువ, కాబట్టి మన భోజనానికి లోటుండదు.

కొనాల్సింది ఒక్క పూటే అయితే

నా వరకు నాలుగైదు రాత్రుల కుటుంబ ప్రయాణానికి ఇదే సరి: ప్యాకేజీ వద్దు, ఒక్క పూట విడిగా కొనుక్కోండి. అదీ రేవు లేని రోజు మధ్యాహ్నం. కొన్ని ఓడల్లో అలాంటి రోజున స్టేక్‌హౌస్ లంచ్ కూడా పెడతారు, డిన్నర్ కంటే బాగా తక్కువ ధర. అదే వంటగది, అదే షెఫ్, కిటికీలోంచి సముద్రం వెలుగులో కనిపిస్తుంది, రాత్రి అయితే నల్లటి అద్దంలో మన మొహమే. పిల్లల్ని తాతయ్య, నానమ్మలతో బఫేకి పంపి, దంపతులిద్దరూ వెళ్ళొచ్చు.

డిన్నరే కావాలంటే మొదటి రోజు మధ్యాహ్నం బఫే గుమ్మం దగ్గర ట్యాబ్లెట్లు పట్టుకుని నిలబడే స్టాఫ్‌ని అడగండి. ఖాళీ టేబుళ్ళు నింపడానికి మొదటి రాత్రికి తగ్గింపు ఇవ్వడం మామూలే. అక్కడ 'ప్యాకేజీ తీసుకోండి మేడమ్, మీకే లాభం' అంటారు. వాళ్ళ పని వాళ్ళది. ఒక్క పూట ధర అడిగి, సర్వీస్ చార్జి కలిపి చెప్పమనండి.

ఒకవేళ లెక్క కుదిరి ప్యాకేజీయే కొనాలనుకుంటే, ప్రయాణానికి ముందే ఆన్‌లైన్లో కొనండి. ఓడ మీద ధర సాధారణంగా ఎక్కువే. 'ఇవాళ్టితో ఆఖరు' అన్న మాటకి టెన్షన్ పడకండి. ఆ ఆఫర్ ఇంకో పేరుతో మళ్ళీ వస్తుంది. రాయల్ కరీబియన్ లాంటి చోట్ల ప్రయాణానికి ముందు దాకా రద్దు చేసి తక్కువ ధరకి మళ్ళీ కొనుక్కునే వీలుంది, ఎప్పటిదాకా రద్దు చేయొచ్చో ఆ గడువు మాత్రం రాసిపెట్టుకోండి. ఓడెక్కగానే గదికి కాదు, రెస్టారెంట్ డెస్క్‌కి వెళ్ళండి. సామాను మా ఆయన లాంటివాళ్ళు చూసుకుంటారు.

మరిది ఆ రాత్రి ప్యాకేజీ కొనలేదు. మూడు రోజుల తర్వాత మెసేజ్ పెట్టాడు: అదే ప్యాకేజీ 128కి వచ్చిందట. మళ్ళీ అడిగాడు. శనివారం పడుతోందని మళ్ళీ చెప్పాను. చివరికి తనకీ మా తోడికోడలికీ రేవు లేని రోజు స్టేక్‌హౌస్ లంచ్ ఒకటి అనుకున్నారు, అదీ ఓడెక్కాక చూసుకుంటారట. ఇంట్లో వండినవి ఓడలోకి రానివ్వరు, సీలు తీయని ప్యాకెట్లయితే ఫర్వాలేదు అని చెప్పాను. ఆ మాట ఎలా చేరిందో గానీ, నిన్న అత్తయ్య ఫోన్. సీలు వేసిన ఆవకాయ చిన్న ప్యాకెట్లు పాండీ బజార్లో ఎక్కడ దొరుకుతాయో కనుక్కోమన్నారు. ఆరు కావాలట.